పాత సైకిళ్ల సామానుతో ఇంట్లో కట్టుకునే రికంబెంట్ ట్రైసైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

రికంబెంట్ ట్రైసైకిల్ ఎలా ఉంటుంది? ఎవరికి పనికొస్తుంది?

వెనక్కి వాలిన కుర్చీలో కూర్చుని, కాళ్లు ముందుకు చాపి, ఇంచుమించు సీటు ఎత్తులోనే ఉండే పెడళ్లను తొక్కే మూడు చక్రాల సైకిల్ ఇది. ఒంటి బరువు సన్నని సీటు మీద కాక నడుము, వీపు, పిరుదుల మీద పరుచుకుంటుంది. అందువల్ల మామూలు సైకిల్ మీద అరగంటకే మెడా మణికట్టూ పట్టేసేవారికి, తూలిపోతూ రెండు చక్రాల మీద నిలదొక్కుకోలేనివారికి, కూరగాయల సంచితోనో కెమెరా పెట్టెతోనో నెమ్మదిగా తిరగాలనుకునేవారికి ఇది హాయినిస్తుంది. ఆగినప్పుడు కాలు కింద పెట్టవలసిన పని లేదు. మోకాళ్ల నొప్పులున్నవారు మాత్రం వైద్యుని అడిగి మొదలుపెట్టాలి, ఎందుకంటే వీపు ఆనించి బలంగా తన్నే అవకాశం ఉండటంతో మోకాలి మీద అవసరానికి మించిన ఒత్తిడి పెట్టడం ఇందులో చాలా సులభం.

రికంబెంట్ మామూలు సైకిల్ కంటే వేగంగా పోతుందంటారు. నిజమేనా?

రెండు చక్రాల రికంబెంట్ విషయంలో నిజమే. 1933 జూలైలో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచి పోటీదారు, చార్లెస్ మోషే రూపొందించిన రికంబెంట్ మీద గంటలో 45 కిలోమీటర్లకు పైగా తొక్కి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డును దాటాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఇటువంటి సైకిళ్లను తన పోటీల నుంచి తప్పించింది. గాలికి ఎదురొడ్డే శరీర వైశాల్యం తగ్గడమే ఆ వేగానికి కారణం. ఇంట్లో ఇనుప పైపులతో కట్టే ట్రైసైకిల్‌కు (ట్రైక్‌కు) ఆ లాభం కొంతే దక్కుతుంది. మూడు టైర్ల రాపిడి, 25 కిలోల చుట్టుపక్కల ఉండే బరువు కలిసి ఆ లాభాన్ని చాలావరకు తినేస్తాయి. ఎదురుగాలిలో సంతోషంగానూ, ఎత్తు ఎక్కేటప్పుడు ఓపికగానూ ఉండవలసిన బండి ఇది.

ముందు రెండు చక్రాలు పెట్టాలా, వెనుక రెండు చక్రాలా?

పాత సామానుతో త్వరగా పూర్తి చేయాలంటే వెనుక రెండు చక్రాల పద్ధతే సులభం. ముందు భాగానికి పాత సైకిల్ ఫోర్కు, ఫోర్కు కాడ తిరిగే గొట్టమైన హెడ్ ట్యూబు, హ్యాండిల్ ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి, వెనుకకు రిక్షా ఇరుసు లాంటిది అమర్చి ఒక చక్రానికి మాత్రమే చోదన ఇస్తే బండి నడుస్తుంది. అయితే రిక్షా తొక్కినవారికి తెలిసినట్టే, బరువు ముందుకు జరిగినకొద్దీ ఆ బండి మలుపులో ఒరిగిపోవాలని చూస్తుంది. ముందు రెండు చక్రాలుంటే స్టీరింగు పని రెట్టింపవుతుంది, లేతు మిషన్ పని తప్పదు, కానీ సీటును నేలకు దగ్గరగా దించవచ్చు, బ్రేకులు బరువున్న చోటే పడతాయి, మలుపులో ధీమా ఉంటుంది. ఒకసారి కష్టపడితే పదేళ్లు తొక్కవచ్చు కాబట్టి ఈ రెండో పద్ధతినే సలహాగా చెబుతాను. కింది సమాధానాలన్నీ దాని గురించే.

ఎలాంటి పాత సైకిళ్లు సంపాదించాలి?

పిల్లల 20 అంగుళాల సైకిళ్లు రెండు, 26 అంగుళాల గేర్ సైకిల్ ఒకటి ఉంటే పనికి సరిపడా సామాను దొరికినట్టే. చిన్న సైకిళ్ల నుంచి ముందు చక్రాల రిమ్ములు, టైర్లు, హెడ్ ట్యూబులు, ఫోర్కు కాడలు వస్తాయి. గేర్ సైకిల్ నుంచి వెనుక చక్రం, దాన్ని పట్టే ఫ్రేము వెనుక త్రికోణం, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డీరైలర్లు, పెడళ్లు బిగించే క్రాంకులు, గేరు మార్చే షిఫ్టర్లు వస్తాయి. డిస్క్ బ్రేకులున్న గేర్ సైకిల్ కనిపిస్తే రెండు వందలు ఎక్కువైనా దాన్నే తీసుకోండి. 28 అంగుళాల పాత నల్ల సైకిల్ గట్టిదే అయినా దాని పెద్ద చక్రాలు, రాడ్ బ్రేకులు, కాటర్ పిన్నుతో బిగించే క్రాంకులు ఈ బండికి అంతగా నప్పవు. దాని కారియరూ స్టాండూ మాత్రం పనికొస్తాయి.

రెండు 20 అంగుళాల చక్రాలు చూడటానికి ఒకేలా ఉన్నా కొలతలో తేడా ఉండవచ్చు. టైరు పక్కన అచ్చు వేసిన సంఖ్యను చదవండి. చివరి మూడు అంకెలు 406 అయితే అది పిల్లల సైకిళ్లలో ఎక్కువగా వచ్చే రకం, 451 అయితే రిమ్ము పెద్దది, ఒకదాని టైరు మరోదానికి ఎక్కదు. రెండు ముందు చక్రాలూ తప్పనిసరిగా ఒకే రకంగా ఉండాలి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్లా, హైదరాబాదు గురువారం సంత జుమ్మేరాత్ బజారులోనూ, ఊరి పాత ఇనుప సామాన్ల కొట్లలోనూ వెతకవచ్చు. అన్నిటికంటే మంచిది సైకిల్ షాపు వెనుక పడేసిన కుప్ప, ఎందుకంటే అక్కడ ఏ భాగం ఎందుకు పక్కన పెట్టారో చెప్పగల మనిషి ఎదురుగా ఉంటాడు. ఎక్కడ కొన్నా రసీదు తీసుకోండి. అంగట్లోకి దొంగ సైకిళ్లు కూడా వస్తుంటాయి.

ఏయే భాగాలు పాతవి వాడకూడదు?

పాత సామానంటే అన్నీ పాతవే కావాలన్న పట్టుదల ప్రమాదకరం. ఒక భాగం విరిగితే బండి ఆగిపోతుందా, మనిషి కింద పడతాడా అని ప్రతిదానినీ అడగండి. చైను తెగితే బండి ఆగుతుంది, కాబట్టి అరగని పాత చైను వాడవచ్చు. ముందు ఇరుసు, రెండు ముందు చక్రాలనూ కలిపి తిప్పే స్టీరింగ్ టై రాడ్డు కీళ్లు, బ్రేకు తీగలు, బ్రేకు ప్యాడ్లు విఫలమైతే మనిషి పడతాడు, కాబట్టి ఇవి కొత్తవే కావాలి. టైర్లు పక్కలు పగిలి ఉంటే పారేయండి. రిమ్ములు, చక్రం మధ్యలో ఉండే హబ్బులు, డీరైలర్లు, క్రాంకులు, అవి తిరిగే బాటం బ్రాకెట్, హెడ్ ట్యూబులోని హెడ్‌సెట్ కప్పులు పాతవైనా బేరింగు గోలీలు మార్చి కొత్త గ్రీజు పెడితే చాలు. అల్యూమినియం క్రాంకు మీద పెడల్ రంధ్రం దగ్గర వెంట్రుకంత గీత కనిపించినా దాన్ని వాడవద్దు.

సైకిల్ ముందు చక్రం ఇరుసునే వాడితే ఏమవుతుంది?

వంగుతుంది, కొన్నాళ్లకు విరుగుతుంది. ఈ బండి కట్టేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే కనుక కాస్త వివరంగా చెప్పాలి.

మామూలు సైకిల్‌లో ఇరుసును ఫోర్కు రెండు వైపులా పట్టుకుంటుంది. ట్రైక్‌లో ముందు చక్రానికి లోపలి వైపు మాత్రమే ఆధారం ఉంటుంది. మనిషీ బండీ కలిసి 100 కిలోలనుకుంటే, అందులో సుమారు 65 కిలోలు ముందు చక్రాల మీద, అంటే ఒక్కో చక్రం మీద 32 కిలోలకు పైగా పడుతుంది. ఆ బరువు ఆధారానికి 6 సెం.మీ. దూరంలో వేలాడుతుంది. గుంతలో పడినప్పుడు అదే బరువు రెండు మూడింతలవుతుంది. దానికి తోడు రెండు చక్రాల సైకిల్‌లా ట్రైక్ మలుపులోకి వాలదు గనుక పక్క నుంచి వచ్చే తోపుడంతా చక్రమూ ఇరుసూ భరించాలి.

వంపును తట్టుకునే శక్తి ఇరుసు వ్యాసం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. సాధారణ ముందు ఇరుసు 8 మి.మీ.కు దగ్గరగా ఉంటుంది. 12 మి.మీ. ఇరుసు దానికంటే మూడింతలకు పైగా, 15 మి.మీ. ఇరుసు ఆరింతలకు పైగా బలమైనది. కాబట్టి 12 మి.మీ. కంటే తక్కువకు ఒప్పుకోకండి. 10.9 గ్రేడు హై టెన్సైల్ బోల్టు మంచిది, దాని మర లేని నున్నని భాగమే బేరింగుల కింద ఉండేలా పొడవు ఎంచుకోవాలి.

బోల్టు దొరకడం తేలికే, దానికి తగిన హబ్బు దొరకడమే కష్టం. ఒంటి వైపు ఆధారం కోసమే తయారైన పాత వీల్‌చైర్ హబ్బులు ఒక దారి, కానీ వాటికి డిస్కు బిగించే చోటు ఉండదు. లేతు మిషన్ మీద హబ్బు తిప్పించడం మరో దారి, నా దృష్టిలో మేలైనదీ అదే. 6001 నంబరు బేరింగు లోపలి రంధ్రం 12 మి.మీ., బయటి వ్యాసం 28 మి.మీ., వెడల్పు 8 మి.మీ., ఇది ఏ మోటారు రివైండింగ్ షాపు పక్కనైనా దొరికే బేరింగు. రిమ్ముకు ఎన్ని చువ్వల రంధ్రాలున్నాయో అన్నే హబ్బు అంచులకూ వేయించండి. లోపలి వైపు డిస్కు కోసం 44 మి.మీ. వృత్తం మీద ఆరు బోల్టుల రంధ్రాలు వేయించండి. చువ్వలు తప్పనిసరిగా అడ్డంగా అల్లించాలి, డిస్క్ బ్రేకు ఉన్న చక్రానికి తిన్నని అల్లిక పనికిరాదు. చివరలో వదులు కాకుండా నైలాన్ పట్టీ ఉన్న నైలాక్ నట్టు, వీలైతే గాట్లున్న క్యాసిల్ నట్టూ ఆ గాట్లలో దూర్చే స్ప్లిట్ పిన్నూ వేయండి.

ఫ్రేముకు ఏ పైపు వాడాలి? వెల్డింగు రాకపోతే ఎలా?

మధ్య దూలానికి 40 మి.మీ. చదరపు మైల్డ్ స్టీలు పైపు, 1.6 మి.మీ. మందంతో సరిపోతుంది. ఇది మీటరుకు 1.9 కిలోలు తూగుతుంది. మందం 2 మి.మీ. అయితే 2.4 కిలోలు. కొత్తగా వెల్డింగు నేర్చుకుంటున్నవారికి 2 మి.మీ. పైపే క్షేమం, ఎందుకంటే పలచని గోడను రాడ్డు ఇట్టే కాల్చి చిల్లు పెడుతుంది. గుండ్రని పైపుల చివరలను ఒకదానికొకటి అతికేలా చేప నోరులా కోసుకునే బాధ చదరపు పైపులో లేదు.

వెల్డింగు రానివారు కోత, కొలత, అమరిక తామే చేసుకుని, టాకాల (నిలిపి ఉంచే చిన్న చుక్క అతుకుల) వరకు ఇంట్లోనో పక్క షాపులోనో వేయించి, కొలతలు మళ్లీ సరిచూశాక పూర్తి అతుకు అనుభవమున్న వెల్డరు చేత వేయించుకోవడం ఉత్తమం. గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డరుకు మనిషి ప్రాణం మోసే అతుకు ఇదని ముందే చెప్పండి. అతుకు వేడికి పైపు లాగుకుంటుంది కనుక ఒక వైపు ఒకేసారి పూర్తి చేయకుండా అటూ ఇటూ మార్చి వేయాలి.

క్రోమియం పూత, జింకు పూత ఉన్న భాగాలను ముందు గ్రైండరుతో ఇనుము కనిపించేదాకా మాస్కు పెట్టుకుని గీకాలి. పూత మీదే వెల్డింగు చేస్తే వచ్చే పొగలు ఊపిరితిత్తులకు విషం. జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు అవుతుంది. ఆరుబయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి పని చేయండి. పాత ఫ్రేము నుంచి కోసిన హెడ్ ట్యూబు, బాటం బ్రాకెట్ గొట్టం లోపలి గ్రీజు పూర్తిగా కడగకపోతే అతుకు బుడగలు కడుతుంది.

కొలతలు ఎంత ఉండాలి?

ముందు చక్రాల మధ్య దూరం 75 సెం.మీ., ముందు ఇరుసు నుంచి వెనుక ఇరుసుకు 105 సెం.మీ., సీటు ఎత్తు నేల నుంచి 30 సెం.మీ. అనుకుని మొదలుపెట్టండి. ఇంకా వెడల్పు పెంచితే స్థిరత్వం వస్తుంది కానీ గేటు, గుమ్మం అడ్డుపడతాయి. కోసే ముందు మీ ఇంటి సందు వెడల్పు కొలుచుకోవడం మరవకండి. దూలానికీ నేలకూ మధ్య కనీసం 13 సెం.మీ. ఖాళీ ఉండాలి. మన కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లకు ఏ కొలతా ఉండదు.

పెడళ్ల దూరం మనిషిని బట్టి మారుతుంది. గోడకు వీపు ఆనించి నేల మీద కాళ్లు చాపి కూర్చుని, గోడ నుంచి అరికాలి వరకు కొలవండి. పెడల్ అత్యంత దూరంలో ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా ఆ కొలతకు తగ్గట్టు పెడళ్ల దూలాన్ని మధ్య దూలంలో ముందుకూ వెనక్కూ జరిగేలా చేసి రెండు బోల్టులతో బిగిస్తే, ఇంట్లో మిగతావారూ తొక్కవచ్చు.

స్టీరింగు కోణాలు ఎలా లెక్కించాలి?

మూడు కోణాలు సరిగ్గా ఉండాలి. ఒకటి తప్పినా టైర్లు తొందరగా అరగడమో, చేతులు అదరడమో, బ్రేకు వేస్తే బండి పక్కకు లాగడమో జరుగుతుంది.

చక్రం తిరిగే కీలుగా పాత సైకిల్ హెడ్ ట్యూబు, దానిలోకి ఫోర్కు కాడ, అదే సైకిల్ కప్పులు వాడతాం. రెండు ముందు చక్రాల మధ్య దూలానికి అడ్డంగా ఉండే అడ్డ పైపు చివర ఈ హెడ్ ట్యూబును నిటారుగా అతికించకూడదు. దాని మధ్య గీతను కిందికి పొడిగిస్తే టైరు నేలను తాకే చోటుకు చేరాలి. 20 అంగుళాల చక్రం ఇరుసు నేలకు దాదాపు 25 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో హెడ్ ట్యూబు చక్రం మధ్య గీతకు 6 సెం.మీ. లోపలికి ఉంటే, దాని పైభాగం 13 నుంచి 14 డిగ్రీలు లోపలికి వాలాలి. ఇలా ఉంటే ఒకే చక్రానికి బ్రేకు వేసినా, ఒక చక్రం గుంతలో పడినా హ్యాండిల్ చేతుల్లోంచి లాక్కున్నట్టు తిరగదు.

రెండోది, అదే హెడ్ ట్యూబు పక్క నుంచి చూస్తే పైభాగం 12 డిగ్రీల దాకా వెనక్కి వాలి ఉండాలి. దీనివల్ల చేతులు వదిలినా చక్రాలు నిటారుకు వస్తాయి. ఈ వాలు తక్కువైతే వేగంలో బండి తత్తరపడుతుంది, మరీ ఎక్కువైతే స్టీరింగు బరువెక్కుతుంది.

మూడోది, మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలి, ఎందుకంటే అది చిన్న వృత్తంలో నడుస్తుంది. జర్మనీకి చెందిన లాంకెన్‌స్పెర్గర్ గుర్రపు బగ్గీల కోసం కనిపెట్టగా 1818లో రుడాల్ఫ్ అకెర్మాన్ లండనులో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇదే. కీలు నుంచి వెనక్కి వచ్చే స్టీరింగు చేతిని, పై నుంచి చూస్తే దాని గీత వెనుక చక్రం ఇరుసు మధ్యకు గురిపెట్టేలా అతికించాలి. పైన చెప్పిన కొలతలకు కీళ్ల మధ్య దూరం 63 సెం.మీ. అవుతుంది, కాబట్టి ఆ చేయి 17 డిగ్రీలు లోపలికి తిరుగుతుంది. లెక్క కష్టమనుకుంటే నేల మీద సున్నంతో గీసి, దారం లాగి గురి చూడండి, అంతే ఖచ్చితంగా వస్తుంది. మూలమట్టం, రసమట్టం, తూకం గుండు ఈ పనికి చాలు.

రెండు స్టీరింగు చేతులనూ కలిపే టై రాడ్డుకు 8 మి.మీ. రాడ్ ఎండ్లు (బంతి కీలున్న చివరలు), ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర వాడితే రాడ్డు విప్పకుండానే పొడవు సవరించవచ్చు. మనిషి కూర్చున్నప్పుడు రిమ్ముల ముందు అంచుల మధ్య దూరం వెనుక అంచుల కంటే ఒకటి రెండు మి.మీ. తక్కువ ఉండాలి. ఈ సవరణ ఒక్కటే బండిని గణనీయంగా తేలిక చేస్తుంది.

బ్రేకులు ఎన్ని, ఎక్కడ?

ముందు రెండు చక్రాలకూ డిస్కులు, ఒక్కో చేతికి ఒక లీవరు. 160 మి.మీ. డిస్కులు చాలు. రాడ్ బ్రేకులకూ రిమ్మును రెండు వైపులా నొక్కే బ్రేకులకూ చక్రానికి ఇరువైపులా ఫోర్కు కావాలి గనుక ముందు పనికిరావు. వెనుక చక్రం మీద మూడో వంతు బరువే ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే జారుతుంది. అందువల్ల వెనుక బ్రేకును బండి ఆపి ఉంచడానికే వాడండి. లీవరుకు ట్యూబు ముక్క చుడితే పార్కింగ్ బ్రేకు సిద్ధం.

చైను అంత పొడవుగా ఉండాలా?

ఉండాలి. రెండున్నర నుంచి మూడు చైన్లు కలపవలసి వస్తుంది. అన్నీ ఒకే వెడల్పు, ఒకే అరుగుదల ఉన్నవి కావాలి. గేర్ సైకిల్ చైను సన్నం, మామూలు సైకిల్ చైను వెడల్పు, రెంటినీ కలపకండి. చైను సీటు కింది నుంచి పోయేలా దారి మళ్లించే కప్పీకి బలమైన బేరింగు అవసరం. పెడల్ మీద 40 కిలోల తన్ను పడితే, 170 మి.మీ. క్రాంకు, 44 పళ్ల చైన్ వీల్ ఉన్నప్పుడు చైను మీద 76 కిలోల లాగుడు పడుతుంది. లాగే వైపు పళ్లున్న కప్పీ, తిరిగివచ్చే వైపు ప్లాస్టిక్ గొట్టం పెట్టండి. ప్యాంటు నల్లబడకుండా ఆ గొట్టమే కాపాడుతుంది.

గేర్లు తప్పనిసరా?

చదునైన డెల్టా ఊళ్లలో ఒక్క గేరుతో నెట్టుకురావచ్చు. మిగతా చోట్ల తప్పనిసరి, ఎందుకంటే ఇందులో లేచి నిలబడి ఒంటి బరువుతో తొక్కడం కుదరదు. 26 అంగుళాల వెనుక చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.07 మీటర్లు పోతుంది. ముందు 44, వెనుక 18 పళ్లుంటే నిమిషానికి 60 సార్లు తొక్కినప్పుడు వేగం గంటకు 18 కి.మీ. ముందు 28, వెనుక 28 పళ్లయితే 7.5 కి.మీ. సింహాచలం ఘాట్ లాంటి ఎత్తులకు ఆ రెండోది ఉండి తీరాలి.

సీటు దేనితో చేయాలి?

20 మి.మీ. గుండ్రని పైపు చట్రానికి మంచం నవారు అల్లండి. గాలి ఆడుతుంది, చెమట పట్టదు, వదులైతే మళ్లీ బిగించుకోవచ్చు. ఫోము, రెగ్జిన్ సీట్లు మన ఎండకు పనికిరావు. వీపు వాలు మొదట నేలకు 45 డిగ్రీలు పెట్టి, అలవాటయ్యాక తగ్గించండి. కూర్చునే భాగం ముందు అంచు కాస్త లేచి ఉంటే మనిషి ముందుకు జారడు.

మలుపులో బోల్తా పడదా?

వేగాన్ని బట్టి పడుతుంది. పైన చెప్పిన కొలతలతో, మనిషీ బండీ కలిసిన గరిమనాభి 45 సెం.మీ. ఎత్తులో, బరువులో 65 శాతం ముందు చక్రాల మీద ఉందనుకుంటే, 8 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు సుమారు 23 కి.మీ. దగ్గర లోపలి చక్రం లేస్తుంది. సీటు 10 సెం.మీ. పెంచితే ఆ హద్దు 21కి దిగుతుంది. ఒంటిని మలుపు లోపలికి వాల్చితే కొంత మెరుగు. ఖాళీ మైదానంలో, హెల్మెట్ పెట్టుకుని, చక్రం ఎప్పుడు లేస్తుందో నెమ్మదిగా తెలుసుకోవడం రోడ్డెక్కే ముందు చేయవలసిన పని.

ఇంతకంటే ఎక్కువగా గాయపరిచేది మరొకటుంది. పెడల్ నుంచి పాదం జారి నేలను తాకితే, ముందుకు పోతున్న బండి ఆ కాలిని కిందికి లాక్కుని మడమ మీదికి ఎక్కుతుంది. చెప్పులతో తొక్కకండి. పెడళ్లకు మడమను పట్టే పట్టీలు తప్పక పెట్టండి.

రోడ్డు మీద ఇబ్బంది ఉంటుందా? అనుమతి కావాలా?

పెడళ్లతో మాత్రమే నడిచే బండికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. మోటారు తగిలిస్తే, దాని శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉన్నంతవరకే మోటారు వాహనంగా లెక్కకు రాకుండా ఉంటుంది. ఇంట్లో కట్టిన ఫ్రేముకు మొదటి ఏడాది మోటారు పెట్టవద్దనే నా మాట.

లారీ డ్రైవరు కంటికి ఆనడమే అసలు సమస్య. మనిషి తలకంటే ఎత్తైన కర్రకు నారింజ రంగు జెండా, వెనుక ఎర్ర దీపం, రెండు వైపులా అద్దాలు పెట్టండి. రెండు చక్రాల సైకిల్ గుంతను తప్పించుకోగలదు, మూడు చక్రాల బండిలో ఏదో ఒకటి దానిలో పడుతుంది. మధ్యాహ్నం వెనక్కి వాలి కూర్చుంటే ఎండ నేరుగా ముఖం మీదే పడుతుంది, అంచు టోపీ లేకుండా బయల్దేరకండి.

రంగు ఎప్పుడు వేయాలి?

కట్టిన వెంటనే వేయకండి. ప్రైమరు పలచగా పూసి, కొన్ని వందల కిలోమీటర్లు తొక్కి, అడ్డ పైపు దూలాన్ని కలిసే చోటు, హెడ్ ట్యూబుల అతుకులు, వెనుక త్రికోణం మొదలయ్యే చోటు టార్చి లైటుతో వారం వారం చూడండి. పగులు తుప్పు గీతలా ముందు అక్కడే బయటపడుతుంది, మందపు రంగు దాన్ని దాచేస్తుంది. పగులు కనిపిస్తే దాని మీద మరో అతుకు పోయకుండా, గ్రైండరుతో పూర్తిగా తీసేసి, మూలకు పట్టీ చేర్చి మళ్లీ వెల్డింగు చేయించాలి. సముద్ర తీరపు ఊళ్లలో ఉండేవారు దూలం అడుగున నీరు కారిపోవడానికి 5 మి.మీ. రంధ్రం ఒకటి వదిలి, దాని ద్వారా లోపలికి పాత ఇంజను ఆయిల్ కొద్దిగా పోసి తిప్పి, ఆ తరువాతే పైరంగు వేసుకోవాలి.